డైవ్‌మాస్టర్ కోర్సు సగంలో ఉండగా ఇన్‌స్ట్రక్టర్‌తో చెడింది. ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కాకినాడ నుంచి ఉద్యోగం మానేసి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వచ్చి, డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వాళ్ల డైవ్‌మాస్టర్ కోర్సులో (డైవర్లకు గైడ్‌గా పనిచేసే అర్హత ఇచ్చేది) చేరాను. ఇన్‌స్ట్రక్టర్ టూరిస్టుల ముందే తిడతాడు. స్కిల్స్ చూపించమంటే వీడియోలు చూసుకోమంటాడు. రోజంతా సిలిండర్లు మోయడమే సరిపోతోంది. ఒకరోజు ఈత కూడా రాని ఇద్దరు టూరిస్టులను నీళ్లలో నాకప్పగించి, తను ఇంకో ఇద్దరితో వెళ్లిపోయాడు. ఇది తప్పు కదా అన్నందుకు పెద్ద గొడవైంది. ఇప్పుడు నా ఫామ్ మీద సంతకాలు పెట్టనంటున్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టాను. చేసినదంతా వృథాయేనా, మళ్లీ మొదటి నుంచీ చేయాలా, ఇంటికి వెళ్లిపోవడమే మంచిదా?

వృథా కాదు. మొదటి నుంచీ చేయనక్కర్లేదు. ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది కోపం చల్లారాక ఆలోచించుకోవచ్చు.

పాడీలో ఈ కోర్సును ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించాలన్న నియమం ఏదీ లేదు. టీచింగ్ స్టేటస్‌లో, అంటే ప్రస్తుతం బోధించే అర్హతలో ఉన్న ఏ ఓపెన్ వాటర్ స్కూబా ఇన్‌స్ట్రక్టరైనా మీ మిగతా భాగం పూర్తి చేయించి సర్టిఫై చేయవచ్చు. నేను విశాఖలో డైవింగ్ మొదలుపెట్టి అండమాన్‌లో చాలా సీజన్లు ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. ఇంకో చోట చెడి సగం కోర్సుతో వచ్చిన ట్రైనీలు ఏటా ఒకరిద్దరైనా తగిలేవాళ్లు. చాలామంది పూర్తి చేశారు. పూర్తి చేయని కొద్దిమందికి అడ్డొచ్చింది పాత ఇన్‌స్ట్రక్టర్ కాదు. ఒకసారి చేసినదాన్ని కొత్త మనిషి ముందు మళ్లీ చేసి చూపించాలంటే చిన్నతనంగా అనిపించడం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీ ఫిర్యాదులను విడదీసి చూసుకోండి, వాటన్నిటి బరువూ ఒకటి కాదు.

సిలిండర్లు మోయించడం తప్పేమీ కాదు. మనం వాడే మామూలు అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే 14 కిలోలు దాటుతుంది. 200 బార్ ఒత్తిడికి నింపితే లోపలి గాలి బరువే ఇంకో రెండున్నర కిలోలు. తెల్లారేసరికి అలాంటివి వరసగా బోటెక్కించడం డైవ్‌మాస్టర్ అయ్యాక కూడా తప్పదు, ఇన్‌స్ట్రక్టర్ అయ్యాకా తప్పదు. అయితే ఫీజు కట్టకుండా పని చేసిపెట్టి నేర్చుకునే ఇంటర్న్‌షిప్ వేరు, పూర్తి ఫీజు కట్టిన మీ కోర్సు వేరు. డబ్బు తీసుకుని మోత తప్ప ఇంకేమీ నేర్పకపోతే అది ఒప్పందం తప్పడమే. ఆ వాదన డబ్బు దగ్గర పనికొస్తుంది, సంతకాల దగ్గర కాదు.

తిట్లలో రెండు రకాలున్నాయి. ఊగే బోటు మీద సిలిండర్ నిలబెట్టి వదిలేస్తే ఎవరైనా అరుస్తారు, అది పడితే మీ పాదమో టూరిస్టు పాదమో నుజ్జవుతుంది కాబట్టి. అలాంటి అరుపులు మనసులో పెట్టుకోకండి. మీ యాస మీద, ఒంటి మీద నలుగురి ముందూ జోకులేసేవాడిది వేరే జబ్బు. మాస్టారును మార్చుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

స్కిల్స్ చూపించకపోవడం మాత్రం అసలు పని ఎగ్గొట్టడమే. డైవ్‌మాస్టర్ కోర్సులో 24 స్కిల్స్ ఉన్నాయి. ప్రతిదానికీ 1 నుంచి 5 వరకు మార్కులు, ఏ ఒక్కదానిలోనూ 3 కంటే తగ్గకూడదు. మీకు ఆ పని వచ్చా అని కాదు, చూసి ఇంకొకరు నేర్చుకునేలా చూపించగలరా అన్నదానికి ఆ మార్కులు. మాస్క్‌లో నీళ్లు తీయడమే చూడండి. మామూలు డైవర్ ముక్కుతో ఒక్క ఊపు ఊది పని అవగొడతాడు. దానికి 3 వస్తే గొప్ప. చూపించేవాడు ముందు విద్యార్థివైపు తిరిగి 'నన్ను చూడు' అని సైగ చేస్తాడు. మాస్క్ పై అంచు కొద్దిగా ఎత్తి, నీళ్లు కళ్ల దాకా వచ్చేవరకు మెల్లగా నింపుతాడు. తొందరేం లేదన్నట్టు నోట్లో ఉన్న రెగ్యులేటర్‌లోంచి (సిలిండర్ గాలి అందించే పరికరం) ఒకటి రెండు శ్వాసలు తీసుకుంటాడు. అప్పుడు వేళ్లతో ఫ్రేమ్ పై అంచు నొక్కి, తల కొద్దిగా పైకెత్తి, ముక్కుతో నిదానంగా ఊదుతాడు. నీటిమట్టం గీతలా కిందికి దిగడం ఎదుటివాడికి కనిపిస్తుంది. అది 5 మార్కుల పని. ఒక్క స్కిల్‌కే ఇంత ఉంది. పక్కన నిలబడి 'చెయ్యి అడ్డొస్తోంది, పక్కకు తిరుగు' అని చెప్పే మనిషి లేకుండా వీడియో చూసి ఇది పట్టుబడదు.

ఇక మీరు మూడో నాలుగో మాటగా చెప్పినది అన్నిటికంటే పెద్దది. ఆ ఇద్దరు టూరిస్టుల సంగతి.

డిస్కవర్ స్కూబా, అంటే శిక్షణ లేని టూరిస్టులకు డైవింగ్ రుచి చూపించేది, మన బోట్ల మీద డిఎస్‌డి అనేది, సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు గరిష్ఠంగా నలుగురు. లోతు 12 మీటర్లు దాటకూడదు. లెక్కకు చూస్తే ఆయన దగ్గర ఉన్నది నలుగురే, కాబట్టి సంఖ్య తప్పలేదు. రేపు అడిగితే ఆయన ఈ మాటే అంటాడు కూడా. తప్పు విడదీయడంలో ఉంది. ఆ నలుగురూ ఆయన కళ్ల ముందు, ఆయన చేతికి అందే దూరంలో ఉండాలి. మీరు ట్రైనీ. ట్రైనీ అంటే నియమాల లెక్కలో సర్టిఫైడ్ అసిస్టెంట్ కాదు. మీరు పక్కన ఉన్నా లేనట్టే లెక్క. డైవ్‌మాస్టర్ అయినవాళ్లు కూడా డిఎస్‌డి నడపాలంటే విడిగా డిఎస్‌డి లీడర్ శిక్షణ తీసుకోవాలి, అప్పుడైనా ఈతకొలను లాంటి చోటే గానీ సముద్రంలో మొదటి డైవ్‌కు సొంతంగా తీసుకెళ్లడం కాదు.

ఇదంతా కాగితాల మీది నియమం అనుకోకండి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండా గాలి పీల్చి భయంతో ఊపిరి బిగబట్టి పైకి లేచినవాడి ఊపిరితిత్తుల్లో ఆ గాలి పైకొచ్చేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తి చిరగడానికి అంత లోతు కూడా అక్కర్లేదు, ఒకటిన్నర రెండు మీటర్లు చాలు. ఈత రాని టూరిస్టు మాస్క్‌లోకి చుక్క నీరు రాగానే చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడం, రెండోది పైకి ఎగబాకడం. ఒకేసారి ఇద్దరూ అదే చేస్తే మీకున్నవి రెండు చేతులే. ఆ రోజు ఏమీ కాలేదు కాబట్టి అది గొడవగా మిగిలింది. ఏదైనా అయ్యుంటే పోలీసు స్టేషన్‌లో మీ పేరు కూడా ఉండేది.

కాబట్టి ఇకపై ఆ సెంటర్లో మీరు ఒక్కరోజు ఉన్నా సరే, ఇలాంటిది ఒప్పుకోవద్దు. నీళ్లలో దిగాక వాదన కుదరదు, బోటెక్కక ముందే చెప్పండి. "సార్, నేనింకా ట్రైనీని. మీ గ్రూపు వెనకాలే ఉంటాను, విడిగా ఎవరినీ తీసుకెళ్లను" అంటే సరిపోతుంది. దానికి ఆయనకు కోపమొస్తే రానివ్వండి.

ఇప్పుడు సంతకాలు.

కోర్సులో ఒక్కో అంశం పూర్తయినప్పుడల్లా ట్రైనింగ్ రికార్డులో తేదీ, ఇన్‌స్ట్రక్టర్ నంబరు, సంతకం పడాలి. కొత్త ఇన్‌స్ట్రక్టర్ చూసేది దాన్నే. సంతకం ఉన్నంతవరకు మీరు చేసినట్టు. లేనిది చేయనట్టు, ఎంత బాగా చేసినా సరే. ఈ కోర్సులో చేరే ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే: ప్రతి సాయంత్రం బోటు దిగగానే సంతకం పెట్టించుకోండి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నెలాఖరుకు ఒకేసారి పెడతాలే అన్న మాటకు తలూపకండి. మీ విషయంలో ఆ దశ దాటిపోయింది కాబట్టి జరగాల్సింది చూద్దాం.

ఆయనకు, సెంటర్ యజమానికి కలిపి ఒక మెసేజ్ పెట్టండి. ఫోన్ చేయొద్దు, రాతలో ఉండాలి. అందులో తిట్ల ఊసు, టూరిస్టుల ఊసు ఎత్తకండి. "ఫలానా తేదీన 400 మీటర్ల ఈత, ఫలానా తేదీన 800 మీటర్ల స్నార్కెల్, ఫలానా రోజుల్లో ఓపెన్ వాటర్ విద్యార్థులతో అసిస్ట్ చేయడం మీ ఎదురుగా పూర్తి చేశాను. ఇవి నా రికార్డులో ఎక్కలేదు. సోమవారం లోపు ఎక్కించి కాపీ ఇవ్వగలరు. మిగతావి వేరే చోట పూర్తి చేసుకుంటాను." అంతే. ఆ ఆఖరి వాక్యం చాలా పని చేస్తుంది. మీరు వెళ్లిపోతున్నారని తెలియగానే సగం మంది మొండికేయడం మానేస్తారు. ఫిర్యాదు కూడా అదే మెసేజ్‌లో కలిపితే మాత్రం సంతకాలకు బదులు ఫిర్యాదు వెనక్కి తీసుకోమనే బేరం మొదలవుతుంది.

అయినా అన్నిటికీ పెట్టకపోవచ్చు. అప్పుడు దేనికోసం పట్టుబట్టాలో, దేన్ని వదిలేయాలో తెలిసుండాలి. ఈత, స్నార్కెల్, నీళ్లలో తేలుతూ ఉండటం, డైవర్‌ను లాక్కెళ్లడం ఇవన్నీ ఒక్క పూటలో మళ్లీ చేసేయవచ్చు. స్కిల్స్ ఒకటి రెండు రోజుల పని. థియరీ పరీక్ష రెండు భాగాలు, ఒక్కోటి 60 ప్రశ్నలు, 75 శాతం రావాలి. చదివినవాళ్లకు మళ్లీ రాయడం కష్టమేం కాదు. వీటి కోసం ఎవరినీ బతిమాలుకోవద్దు. కష్టమల్లా నిజమైన విద్యార్థులతో చేసే ప్రాక్టికల్ అసెస్‌మెంట్లతోనే. డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేసే విద్యార్థులకు ముందు ఈతకొలను లాంటి పరిమిత జలాల్లో, తర్వాత సముద్రంలో సాయపడటం, అడ్వాన్స్‌డ్ లాంటి పై కోర్సుల వాళ్లతో ఉండటం, సర్టిఫైడ్ డైవర్లను గైడ్ చేయడం. ఇవి మీ చేతిలో ఉండవు, విద్యార్థులు వచ్చినప్పుడే కుదురుతాయి. ఒక్కోసారి వారాలు పడుతుంది. కాబట్టి ఒక మెట్టు దిగి అడగాల్సి వస్తే వీటి సంతకాల కోసమే దిగండి.

ఆయన సంతకంతో పనిలేనివి కూడా మీ దగ్గర కొన్ని ఉన్నాయి. ఈ-లెర్నింగ్ మీ సొంత ఖాతాలో ఉంటుంది. లాగ్‌బుక్ మీది. కోర్సు మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తయ్యేసరికి 60 ఉండాలి. అవి ఎవరితో చేసినవైనా లెక్కే. రాయని డైవ్‌లుంటే డైవ్ కంప్యూటర్ మెమరీలోంచి తీసి ఈ వారమే రాసుకుని, ఆ రోజు బడ్డీగా, అంటే జతగా డైవ్ చేసినవాళ్లతో సంతకం పెట్టించుకోండి. వాళ్లు దీవి వదిలిపోతే దొరకరు. మీరు గీసిన డైవ్ సైట్ మ్యాపు, రాసిన ఎమర్జెన్సీ ప్లాను ఉంటే కాపీలు దాచుకోండి. కొత్తాయన మార్పులు చెప్పవచ్చు గానీ మళ్లీ నీమో రీఫ్ అంతా దిక్సూచి పట్టుకుని కొలిచే శ్రమ తప్పుతుంది.

తేదీల విషయం కూడా చూసుకోండి. డాక్టరు సంతకం పెట్టిన మెడికల్ ఫామ్ 12 నెలలకే పనికొస్తుంది. సీపీఆర్, ప్రథమ చికిత్స శిక్షణ 24 నెలల లోపుది అయ్యుండాలి. డైవ్‌మాస్టర్‌కు ముందు చేసే రెస్క్యూ కోర్సుతో పాటు చేసి ఏడాదిన్నర దాటి ఉంటే, ఇంటికెళ్లి వచ్చే సీజన్‌లో చూద్దామనుకునేలోపు అది కూడా మళ్లీ చేయాల్సి వస్తుంది.

గొడవ ఇన్‌స్ట్రక్టర్‌తోనా, సెంటర్‌తోనా? ఇది తేల్చుకోకుండా బ్యాగు సర్దకండి. డబ్బు మీరు సెంటర్‌కు కట్టి ఉంటే, అదే సెంటర్లో ఇంకో ఇన్‌స్ట్రక్టర్ ఉంటే, యజమానిని అడగాల్సింది మొదట అదే: మిగతాది ఆయన దగ్గర పూర్తి చేస్తాను. కొత్తగా డబ్బు కట్టే పని ఉండదు, రికార్డు అక్కడే ఉంటుంది. యజమానీ ఇన్‌స్ట్రక్టరూ ఒకరే అయినా, ట్రైనీలతో టూరిస్టులను తిప్పించడం ఆ సెంటర్‌కు రోజువారీ అలవాటే అయినా అక్కడ ఉండి ప్రయోజనం లేదు.

కొత్త చోటు వెతుక్కునేటప్పుడు ముందు పాడీ వెబ్‌సైట్‌లోని ప్రో చెక్‌లో కొత్త ఇన్‌స్ట్రక్టర్ నంబరు కొట్టి చూడండి, సభ్యత్వం ఏటేటా రెన్యూ అవుతోందా, టీచింగ్ స్టేటస్ ఉందా అన్నది తెలుస్తుంది. అన్నట్టు, పాత ఆయనది కూడా చూడండి, అప్పుడప్పుడూ ఆశ్చర్యపోయే సంగతులు బయటపడతాయి. తర్వాత మాటలేం లేకుండా ఆయనతో డబ్బు కట్టి ఒక మామూలు డైవ్ చేయండి. బోటు మీద బ్రీఫింగ్ ఎలా చెబుతాడు, టూరిస్టుల గాలి ఎన్నిసార్లు అడుగుతాడు, వాళ్ల ట్రైనీలు నీళ్లలో ఎక్కడుంటున్నారు అన్నది చూడండి. ట్రైనీ ఇన్‌స్ట్రక్టర్ వెనకాల ఉంటే మంచి చోటు. ట్రైనీ ఒక్కడే నలుగురిని వెంటేసుకుని పోతుంటే మీరు అప్పటికే చూసిన సినిమా అది. ఇప్పుడు ఎంతమంది ట్రైనీలున్నారో, వచ్చే నెలలో ఎన్ని ఓపెన్ వాటర్ కోర్సులు బుక్ అయ్యాయో కూడా అడగండి. విద్యార్థులు తక్కువ, ట్రైనీలు ఎక్కువైతే మీ అసెస్‌మెంట్లకు క్యూ కట్టాల్సిందే.

మొదటి భేటీలో ఆయన మీ రికార్డు చూసి, "సంతకాలు ఉన్నాయి సరే, నాకు ఒకసారి చేసి చూపించండి" అంటే ముఖం మాడ్చుకోకండి. మీ మీద నమ్మకం లేక కాదు. రేపు మిమ్మల్ని సర్టిఫై చేసేది ఆయన, మీ చేతిలో ఎవరికైనా ఏదైనా అయితే ఆ సంతకం ఎవరిదని అడుగుతారు. పైగా ఇన్నాళ్లూ మీకు దొరకనిది సరిగ్గా అదే: మీ పని చూసి, తప్పు చెప్పేవాడు. నేనైతే వచ్చిన ప్రతి సగం కోర్సు ట్రైనీతో మొదటి రోజు ఎక్విప్‌మెంట్ ఎక్స్చేంజ్ చేయించేవాణ్ని, రికార్డులో సంతకం ఉన్నా సరే. నీటి అడుగున ఇద్దరూ ఒకే రెగ్యులేటర్‌తో మార్చి మార్చి గాలి పీలుస్తూ, వెట్‌సూట్, బరువులు తప్ప తమ సామానంతా ఒకరిది ఒకరు మార్చుకోవాలి. రెగ్యులేటర్ అవతలివాడికిచ్చి మీ వంతు వచ్చేదాకా సన్నగా బుడగలు వదులుతూ ఆగడంలోనే మనిషి నిబ్బరం తెలిసిపోతుంది. ఈ పరీక్షలో టెన్షన్ దానంతటదే ఉంది. కొందరు ఇన్‌స్ట్రక్టర్లు ఇది చాలదన్నట్టు మధ్యలో వచ్చి మాస్క్ లాగేసి నవ్వుకుంటారు. అది బోధన కాదు, పైశాచికం. కోర్సు ముగిశాక మాస్క్, స్నార్కెల్ పెట్టుకుని గొట్టంలోంచి మద్యం తాగించే 'స్నార్కెల్ టెస్ట్' అనేదొకటి చాలా దీవుల్లో నడుస్తుంది. దానికీ కోర్సుకూ ఏ సంబంధమూ లేదు, వద్దంటే మీ సర్టిఫికెట్ ఎవరూ ఆపలేరు.

నిజంగా భయపడాల్సింది రెండో రకం కొత్త ఇన్‌స్ట్రక్టర్‌ను చూసి. "పాతాయన సంగతి నాకు తెలుసులే, ఫీజు కట్టు, అన్నీ నేను సంతకం పెట్టేస్తా, వారంలో అయిపోతుంది" అనేవాడు. మీరున్న ఒత్తిడిలో ఆ మాట అమృతంలా వినిపిస్తుంది. నా లెక్కలో సంతకం పెట్టనని మొండికేసిన మీ పాతాయన కంటే ఇతను ప్రమాదం. పాతాయన వల్ల మీకు పోయేది కొన్ని వారాలు, కొంత డబ్బు. ఇతని వల్ల మీరు రాని పని వచ్చినట్టు చలామణి అవుతారు. ఉద్యోగంలో మొదటి రోజే లైట్‌హౌస్ సైట్‌లో ఆరుగురు డైవర్లను మీ వెనకాల దింపుతారు, నీటి ప్రవాహం తిరుగుతుంది, ఒకరి గాలి 60 బార్‌కు వస్తుంది, మీరేమో ఇంతకుముందు ఎవరి కళ్ల ముందూ ఆ పని చేసి ఉండరు.

మంచి ఇన్‌స్ట్రక్టర్ అడిగే ప్రశ్న ఒకటి చెబుతాను, ఇప్పటినుంచే జవాబు తయారు చేసుకోండి. సాయంత్రం ఐదింటికి హావ్‌లాక్‌లో బోటు దిగాక ఒక డైవర్ మోచేయి నొప్పి, వేళ్లు తిమ్మిరి అంటున్నాడు. ఏం చేస్తారు? వంద శాతం ఆక్సిజన్ పెట్టడం దాకా అందరూ చెబుతారు. ఆ తర్వాత? సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది, డికంప్రెషన్ జబ్బుకు (ఒంట్లో గాలి బుడగలు ఏర్పడటం) చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి అధికారిక పేరు శ్రీ విజయపురం) నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరిలో, రాత్రికి ఫెర్రీలు ఉండవు, మరి ఎవరికి ఫోన్ చేయాలి, ఆ నంబర్లు మీ ప్లానులో ఉన్నాయా, అతనికి డైవింగ్ బీమా ఉందా? ఇవన్నీ నీళ్లు నమలకుండా చెప్పగలిగితే మీరు డైవ్‌మాస్టర్ పనికి దగ్గరకొచ్చినట్టే.

ఏజెన్సీ మార్చి ఎస్ఎస్ఐ అనే ఇంకో డైవింగ్ శిక్షణ సంస్థకు పోదామా అని కొందరు ఆలోచిస్తారు. పూర్తయిన సర్టిఫికెట్లు, అంటే మీ రెస్క్యూ వరకు, అక్కడా చెల్లుతాయి. సగంలో ఉన్న ప్రొఫెషనల్ కోర్సు మాత్రం సాధారణంగా అటు ఎక్కదు. పాడీలోనే చాలా భాగం అయ్యాక మారితే నష్టమే.

కాలం కూడా చూసుకోవాలి. అండమాన్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, గాలులు. కోర్సులకు వచ్చేవాళ్లు పలచబడతారు. గోవా, కర్ణాటకలోని నేత్రాణి వైపు ఆ నెలల్లో డైవింగే ఉండదు. విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ ఉంది, ఇంటికి దగ్గర కూడా. కానీ ఓపెన్ వాటర్ కోర్సు విద్యార్థులు తరచూ వస్తున్నారా అని కనుక్కున్నాకే అక్కడ మాట్లాడుకోండి. ట్రై డైవ్‌ల, అంటే డిఎస్‌డి లాంటి వాటి సందడి మీ అసెస్‌మెంట్లకు పనికిరాదు. సీజన్ ముగింపులో ఉంటే ఆ మధ్య నెలలు ఇంట్లో గడపడంలో తప్పేమీ లేదు. కాకినాడలోనో హైదరాబాద్‌లోనో ఏదైనా ఈతకొలనులో ఈత మెరుగుపరుచుకోండి. 25 మీటర్ల కొలనులో 16 నిడివులు ఈదితే 400 మీటర్లు. ఆరున్నర నిమిషాల లోపు ఈదితే 5 మార్కులు, 13 నిమిషాలు దాటితే ఒక్కటే. ఇందులో మీరు ఎంత ముందుంటే కొత్త చోట అంత గౌరవంగా చూస్తారు.

ఫిర్యాదు చేయాలా అంటే, టూరిస్టుల విషయంలో చేయాలి. సంతకాల సంగతి తేలాక చేయండి. పాడీకి క్వాలిటీ మేనేజ్‌మెంట్ విభాగం ఉంది. తేదీ, బోటు, సైటు, ఎవరెవరు నీళ్లలో ఉన్నారు, ఎవరు ఎటు వెళ్లారు, మీరు ఏం చూశారు అన్నది ఒక పేజీలో రాయండి. ఆయన స్వభావం మీద విశేషణాలు వేయొద్దు, అవి చూడగానే చదివేవాళ్లకు ఇది పాత పగ అనిపిస్తుంది. విచారించి వాళ్లు సంజాయిషీ అడగవచ్చు, మళ్లీ శిక్షణ తీసుకోమనవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, సభ్యత్వం తీసేయవచ్చు. గూగుల్ రివ్యూలో ఉతికి ఆరేయాలన్న ఉబలాటం ఉంటుంది, కొన్నాళ్లు ఆపుకోండి. హావ్‌లాక్ చిన్న దీవి, రేపు మీకు పనిచ్చేవాళ్లంతా అది చదువుతారు.

డబ్బు తగాదాలో పాడీ జోక్యం చేసుకోదు. దానికి మన వినియోగదారుల చట్టం ఉంది. ముందు యజమానికి రాతలో అడగండి: ఇంత కట్టాను, ఇంత పని జరిగింది, మిగిలింది వాపసు ఇవ్వండి అని. యూపీఐ రసీదులు, కోర్సులో ఏమేం ఉంటాయో వాళ్లు పంపిన పాత మెసేజ్‌లు జాగ్రత్త చేయండి. స్పందన లేకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, పోర్ట్ బ్లెయిర్ చుట్టూ తిరగనక్కర్లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ఇంటర్న్‌షిప్ పేరుతో డబ్బు కట్టకుండా చేరినవాళ్లకు ఈ దారి ఉండటం కష్టం, మీరు కట్టారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో మాట, మీరు రాయలేదు గానీ ఇది చదివే అమ్మాయిల కోసం. గొడవ తిట్లు దాటి ఒంటి మీద చేయి దాకా వస్తే పైన చెప్పిన క్రమమంతా పక్కన పెట్టండి. సంతకాల కోసం ఒక్క రోజు కూడా అక్కడ ఉండొద్దు. ముందు బయటికి రండి, 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. కోర్సు ఎక్కడైనా పూర్తవుతుంది.

ఇక ఇంటికి వెళ్లడం గురించి. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ రికార్డు కాపీ చేతిలో పడ్డాకే ఫెర్రీ ఎక్కండి. దీవి దాటాక ఆ కాగితం తెప్పించుకోవడం పది రెట్లు కష్టం. మీ రికార్డులో ఏ అంశాలకు సంతకం ఉంది, ఏవి ఖాళీగా ఉన్నాయి, మెడికల్ ఫామ్ తేదీ ఎంత అన్నది రాస్తే ఇంకెంత మిగిలిందో, ఎన్ని రోజులు పట్టొచ్చో చెబుతాను. సెంటర్ పేరు, ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయకండి.